సైకస్ చిగురు మీద వాలే నీలి సీతాకోకచిలుక: గుర్తుపట్టే పద్ధతి, అది ఉండే చోట్లు

ఇళ్ళ ముందు అలంకారానికి పెంచే సైకస్ మొక్క చిగురు వేసేటప్పుడు చూడటం భలే ముచ్చటగా ఉంటుంది. మామూలు మొక్కల్లా ఒక్కో ఆకూ వేయదు. నెలల తరబడి కదలకుండా ఉండి, ఒక వాన పడగానే నడినెత్తి నుంచి పది, ఇరవై ఆకులు ఒక్కసారిగా లేస్తాయి. లేత ఆకుపచ్చ రంగు, మీద సన్నటి నూగు, ప్రతి చిన్న రెబ్బా చివర లోపలికి చుట్టుకుని ఉంటుంది. రెండు మూడు వారాల్లో అవే విచ్చుకుని, గట్టిపడి, ముట్టుకుంటే గుచ్చుకునే ముదురు ఆకులవుతాయి.

కొన్నేళ్ల కిందట మా ఇంటి ముందున్న సైకస్ అలాగే చిగురేసింది. వారం తిరిగేసరికి ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. మొక్క కొన్న నర్సరీలో అడిగితే తెగులన్నారు, బూజు మందు ఇచ్చారు. రెండుసార్లు కొట్టాం. మరుసటి ఏడు వానాకాలంలో మళ్ళీ చిగురొచ్చింది, మళ్ళీ అదే వరస. ఆసారి మందు కొట్టకుండా పొద్దున్నే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పావుగంటలో విషయం తేలిపోయింది. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దగా, బూడిద రంగులో ఉన్న సీతాకోకచిలుక ఒకటి చిగురు చుట్టూ రెండు మూడు చుట్లు తిరిగి, ఒక రెబ్బ మీద వాలి, పొట్ట చివర వంచి గుడ్డు పెట్టింది. లేచేటప్పుడు రెక్కలు విప్పితే లోపలంతా నీలం.

దాని పేరు ప్లెయిన్స్ క్యూపిడ్. కొన్ని దేశాల్లో సైకాడ్ బ్లూ అంటారు. తెలుగులో ఇంకా అందరూ వాడే పేరంటూ స్థిరపడలేదు. శాస్త్రీయ నామం మాత్రం మనకు చెవికి చుట్టమే: లూథ్రోడెస్ పాండవ. జావా దీవి నుంచి వచ్చిన నమూనాను చూసి థామస్ హార్స్‌ఫీల్డ్ 1829లో దీనికి ఆ పేరు పెట్టారు. మొన్నమొన్నటి దాకా పుస్తకాల్లో చిలాడెస్ పాండవ అనే ఉండేది, అంతకంటే పాత పుస్తకాల్లో యూక్రిసాప్స్ పాండవ అనీ కనిపిస్తుంది. వెతికేటప్పుడు ఈ మూడు పేర్లతోనూ వెతకండి. ఒక్క పేరుతోనే వెతికితే సగం సమాచారం దొరకదు.

ఈ చిన్న నీలి సీతాకోకచిలుకలన్నీ లైకెనిడే అనే కుటుంబానికి చెందినవి. మన ఊళ్ళలోనే పదుల రకాలు తిరుగుతుంటాయి. చాలావాటికి పైన నీలం, కింద బూడిద రంగు, వెనక సన్నటి తోక. అందుకే కొత్తగా చూసేవాళ్ళకు అన్నీ ఒకేలా అనిపించి విసుగొస్తుంది. వీటిలో ప్లెయిన్స్ క్యూపిడ్‌తో మొదలుపెట్టడమే మంచిదని నా నమ్మకం. ఎందుకంటే ఇది ఎక్కడుంటుందో ముందే చెప్పొచ్చు. దీన్ని వెతుక్కుంటూ తోటంతా తిరగక్కర్లేదు, సైకస్ దగ్గరికి వెళ్తే చాలు.

మొదటి మెట్టు: మొక్కను వెతకండి

మన ఊళ్ళలో కనిపించే సైకస్ ఎక్కువగా సైకస్ రివల్యూటా. నర్సరీల్లో సైకస్ పామ్ అనీ సాగో పామ్ అనీ అమ్ముతారు. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ తాటి, ఈత కుటుంబంతో దీనికి సంబంధం లేదు. డైనోసార్ల కాలం నుంచీ భూమి మీదున్న, పువ్వు పూయని మొక్కల వంశం ఇది. ఆఫీసుల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల పక్కన, పార్కుల్లో, పెళ్ళి మండపాల దగ్గర తప్పకుండా ఒకటి రెండు ఉంటాయి. పెద్ద ఆకులతో నిలువుగా పెరిగే సైకస్ సిర్సినాలిస్ కూడా పాత తోటల్లో కనిపిస్తుంది.

మీ వీధిలో సైకస్ ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. చిగురు వేస్తున్నది ఏదో గమనించండి. ముదురు ఆకులే ఉన్న మొక్క దగ్గర గంటసేపు నిలబడినా ఏమీ కనిపించకపోవచ్చు. ఈ జాతి గొంగళిపురుగు లేత ఆకే తింటుంది, ముదురాకు జోలికి పోదు. తొలకరి నుంచి వానాకాలం చివరిదాకా ఎక్కువ అవకాశం. నీళ్ళు బాగా పోసే తోటల్లో మిగతా నెలల్లోనూ చిగుళ్ళు వస్తాయి, సీతాకోకచిలుకలూ వస్తాయి.

రెండో మెట్టు: రెక్కలకంటే ముందు చిగురు చదవండి

చిగురు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోండి. చేతిలో చిన్న భూతద్దం ఉంటే మరీ మంచిది, లేకపోతే ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి జూమ్ చేయండి.

గుడ్లు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపులో, ఉప్పుకల్లును పైనుంచి నొక్కినట్టు చదునుగా ఉంటాయి. ఇంకా విచ్చుకోని రెబ్బల మీద, వాటి సందుల్లో ఒక్కొక్కటిగా పెడుతుంది. మంచి చిగురు దొరికితే ఒకే ఆకు మీద పదుల గుడ్లు ఉంటాయి, వేరువేరు ఆడవి వచ్చి పెట్టి వెళ్తాయి.

గొంగళిపురుగులు మనం అనుకునే గొంగళిపురుగుల్లా ఉండవు. జుట్టు ఉండదు, పొడుగ్గా పాకవు. చిన్న నత్తలా, వీపు ఉబ్బి, అంచులు ఆకుకు అతుక్కుపోయినట్టు ఉంటాయి. కొన్ని చిగురు రంగులోనే పచ్చగా, కొన్ని ఎరుపు కలిసిన ఊదా రంగులో కనిపిస్తాయి. ఒకే మొక్క మీద రెండు రంగులూ ఉంటే రెండు జాతులేమోనని కంగారు పడకండి. రెండూ ఇవే.

పురుగు కనిపించకపోతే చీమల్ని చూడండి. నేను కూర్చున్న ఆ రోజు నాకు దారి చూపించింది చీమలే. సైకస్ చిగురుకు చీమలు వరస కట్టాయంటే ఊరికే రావు. గొంగళిపురుగు వీపు చివరిభాగంలో తీపి ద్రవం ఊరే గ్రంథి ఒకటుంది. చీమ తన మీసాలతో అక్కడ తడుతుంది, ఒక చిన్న బొట్టు బయటికొస్తుంది, చీమ తాగేస్తుంది. కన్ను ఆర్పకుండా రెండు నిమిషాలు చూస్తే ఇదంతా కళ్ళముందే జరుగుతుంది. చీమలు చుట్టూ తిరుగుతుంటే పరాన్న కందిరీగలు, సాలీళ్ళు అంత తేలిగ్గా దగ్గరకు రాలేవు. పురుగుకు కాపలా, చీమకు తిండి.

ఆకు పాడైన తీరు కూడా సాక్ష్యమే. చిన్న పురుగులు ఆకు పైపొర గీకుతాయి, అక్కడ గోధుమరంగు మరకలు పడతాయి. పెద్దవి రెబ్బలనే కొరికేస్తాయి, మధ్య ఈనె ముళ్ళకర్రలా మిగులుతుంది. ముదురాకుల మీద తెల్లటి పొట్టు చల్లినట్టు ఉండి ఆకు పసుపు పచ్చబడుతుంటే అది పొలుసు పురుగు. అది వేరే సమస్య, సీతాకోకచిలుకతో దానికి సంబంధం లేదు.

సైకస్ చిగురు మీద చీమలు కాస్తున్న నత్తలాంటి పురుగు కనిపించిందంటే మన ఊళ్ళలో అది ప్లెయిన్స్ క్యూపిడ్ అనుకోవడానికి చాలా బలమైన ఆధారం. అయినా రెక్కలు కూడా చూద్దాం. ఎందుకంటే పెద్దది ఎప్పుడూ సైకస్ మీదే కూర్చోదు. తేనె కోసం గడ్డిచేమంతి లాంటి చిన్న పూల మీదికి వెళ్తుంది. అక్కడ చూస్తే చేతిలో ఉండేది రెక్క మీది చుక్కలే.

మూడో మెట్టు: మూసిన రెక్కల ఫోటో తీయండి

నీలం రంగు చూసి పేరు చెప్పాలనుకోవద్దు. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఇదే. నీలం పైరెక్కల్లో ఉంటుంది, అది వెలుతురును బట్టి మారుతుంది, పైగా వాలగానే రెక్కలు మూసేస్తుంది. అసలు గుర్తులన్నీ మూసినప్పుడు కనిపించే అడుగు వైపే ఉన్నాయి.

ఉదయం ఎనిమిది, పది మధ్య బాగుంటుంది. ఎండ ముదిరితే ఒక్కచోట నిలవదు. నీడ దాని మీద పడకుండా పక్కనుంచి వెళ్ళండి, నిలువుగా పైనుంచి వంగితే లేచిపోతుంది. ఫోన్ రెక్కకు సమాంతరంగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే సగం చుక్కలు మసకబారతాయి. దూరం నుంచి ఒకటి తీసి, అడుగడుగూ ముందుకు వెళ్తూ ఇంకొన్ని తీయండి. ఆఖరి ఫోటో తీసేలోపు ఎగిరిపోయినా ముందువి ఉంటాయి. వలేసి పట్టుకోనక్కర్లేదు, చంపి గుచ్చిపెట్టనక్కర్లేదు. ఈ జాతి విషయంలో మంచి ఫోటో చాలు.

వాలినప్పుడు వెనక రెక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు పైకీ కిందికీ ఆడిస్తుంది. సన్నటి తోకలు మీసాల్లా కదులుతాయి, వాటి పక్కనున్న నల్లచుక్కలు కళ్ళలా కనిపిస్తాయి. తల ఇటు ఉందని బల్లి, పిట్ట పొరబడి రెక్క కొసను కొరుకుతాయి, సీతాకోకచిలుక ప్రాణంతో బయటపడుతుంది. అందుకే తోక తెగినవి, ఆ మూల చిరిగినవి చాలా కనిపిస్తాయి. తోక లేనంత మాత్రాన తోకలేని జాతి అని రాసేయకండి. రెండు వైపులా చూసి, రెక్క అంచు నున్నగా ఉందా, చిరిగిందా అన్నది పట్టించుకోండి.

నాలుగో మెట్టు: చుక్కలు చదవండి

ఫోటోను పెద్దది చేసి వెనక రెక్క అడుగు వైపు చూడండి. రెక్క అసలు రంగు బూడిద కలిసిన లేత గోధుమ. మీద తెల్లటి అంచులున్న గోధుమరంగు గొలుసు పట్టీలు ఉంటాయి. ఈ పట్టీలు చాలా జాతుల్లో ఉంటాయి కాబట్టి వాటి మీద ఆధారపడొద్దు. మూడు చోట్ల చూడండి.

ఒకటి, రెక్క మొదలు, అంటే ఒంటికి అతికే చోటు. అక్కడ తెల్లటి వలయం చుట్టిన నల్లచుక్కలు వరసగా ఉంటాయి. ముగ్గులో పెట్టిన చుక్కల్లా స్పష్టంగా తెలుస్తాయి. సాధారణంగా మూడు, నాలుగు లెక్కపెట్టొచ్చు. ఇదే ఈ జాతికి నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చే గుర్తు.

రెండు, వెనక రెక్క పై అంచు మధ్య. అక్కడ ఇంకో నల్లచుక్క, మిగతా వాటికంటే కాస్త పెద్దది, దానికీ తెల్ల వలయం ఉంటుంది.

మూడు, తోక దగ్గరి మూల. అక్కడ నారింజ రంగు టోపీ పెట్టుకున్న పెద్ద నల్లచుక్క, దాని పక్కన లోపలివైపు చిన్నది ఇంకొకటి. నల్లభాగంలో మెరిసే నీలపు పొడి ఉంటుంది, ఎండ పడితేనే తెలుస్తుంది. తోక నలుపు, కొసన తెలుపు.

ఎండాకాలం పుట్టినవాటిలో ఈ చుక్కలు వెలిసినట్టు, గోధుమరంగులో ఉండొచ్చు. అప్పుడు రెక్క మొదట్లోని వరస కంటే పై అంచు మీది చుక్క ఎక్కువ ఆదుకుంటుంది. వానాకాలంలో చూసినవాటితో కళ్ళకు అలవాటు చేసుకున్నాక ఎండాకాలం వాటి జోలికి వెళ్ళండి.

ఐదో మెట్టు: పోలికలున్న వాటిని పక్కకు తీయండి

గ్రామ్ బ్లూ. నన్ను ఎక్కువకాలం తప్పుదారి పట్టించింది ఇదే. పెసర, మినుము, అలసంద చేల దగ్గర తిరుగుతుంది. సైజు దాదాపు అంతే, తోక ఉంది, మూలలో నారింజ టోపీ చుక్కలు రెండున్నాయి. తేడా రెక్క మొదట్లో ఉంది. గ్రామ్ బ్లూకు ఆ చుక్కల వరస ఉండదు. వెనక రెక్క పై అంచు దగ్గర రెండు నల్లచుక్కలు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నేను మొదట్లో మూల చుక్కలే చూసి పేరు రాసేవాణ్ణి. ఆ ఫోటోలన్నీ మళ్ళీ తీసి రెక్క మొదలు చూశాక చాలావాటికి పేరు మార్చాల్సి వచ్చింది.

ఫర్‌గెట్-మి-నాట్. ఇంగ్లిష్‌లో ఒక నీలి పువ్వు పేరు కూడా ఇదే. దీనికి మూలలో నారింజ టోపీ చుక్క ఒక్కటే ప్రస్ఫుటం. ముందు రెక్క అడుగున, పై అంచు దగ్గర, రెండు పట్టీల మధ్య ఒంటరిగా ఒక చిన్న చుక్క ఉంటుంది. ఆ ఒంటరి చుక్క దొరికితే ఇక సందేహం అక్కర్లేదు.

పీ బ్లూను దూరం నుంచే చెప్పొచ్చు. అడుగంతా అలల్లాంటి గీతలు, వెనక రెక్క అంచు లోపల వెడల్పాటి తెల్ల పట్టీ ఒకటి. కామన్ సెరూలియన్‌కు లేత రంగు రెక్క మీద సన్నటి జంట గీతలు తప్ప నల్లచుక్కల వరస ఉండదు.

లైమ్ బ్లూ నిమ్మ, బత్తాయి చెట్ల దగ్గర తిరుగుతుంది. దీనికి రెక్క మొదట్లో నల్లచుక్కలున్నాయి కాబట్టి కొంచెం జాగ్రత్త కావాలి. కానీ తోక ఉండదు, ప్లెయిన్స్ క్యూపిడ్‌కున్నంత ప్రస్ఫుటమైన నారింజ టోపీ కనిపించదు. అంచు చిరగకుండా గుండ్రంగా ఉండి తోక లేకపోతే ఇదే.

అన్నిటికంటే కష్టం స్మాల్ క్యూపిడ్. దీనికీ తోక ఉంది, రెక్క మొదట్లో నల్లచుక్కలున్నాయి. పేరుకు తగ్గట్టు చిన్నది, తుమ్మ చెట్లున్న ఎండు నేలల్లో తిరుగుతుంది. ఒక్క ఫోటోతో, పక్కన కొలతకు ఏమీ లేకుండా, ఎండు భూమిలో తీసిన సీతాకోకచిలుక అయితే నేను పేరు ఖాయం చేయను. రెండింటిలో ఏదో ఒకటి అని రాసి వదిలేస్తాను. పక్కన సైకస్ ఉందా, తుమ్మ ఉందా అన్న ఒక్క మాట అప్పుడు ఎంతో సాయం చేస్తుంది. కాబట్టి సీతాకోకచిలుక ఫోటో తర్వాత దాని చుట్టూ ఉన్న మొక్కల ఫోటో ఒకటి తీయడం అలవాటు చేసుకోండి.

ఆరో మెట్టు: ఆడా, మగా

రెక్కలు విప్పినప్పుడు కనిపిస్తే చూడండి. మగదానికి రెక్కంతా ఊదా కలిసిన లేత నీలం, చుట్టూ సన్నటి నల్ల అంచు. ఆడదానికి నీలం మధ్యభాగంలోనే ఉంటుంది, అంచు వెడల్పుగా ముదురు గోధుమ రంగులో ఉంటుంది, వెనక రెక్క అంచు వెంట చుక్కల వరస కనిపిస్తుంది. చిగురు చుట్టూ నెమ్మదిగా, ఆగి ఆగి తిరిగేది ఎక్కువగా ఆడదే.

ఏడో మెట్టు: అనుమానం తీరకపోతే పెంచి చూడండి

ఒకటి రెండు గొంగళిపురుగుల్ని చిగురుతో సహా తెంపి, మూతకు సన్న రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అడుగున టిష్యూ కాగితం పరవండి. రోజూ కాగితం మార్చి తాజా చిగురు వేయాలి. నీళ్ళు చల్లితే బూజు పడుతుంది, చల్లొద్దు. ఎక్కువ పురుగుల్ని ఒకే డబ్బాలో కుక్కొద్దు.

గుడ్డు పొదగడానికి రెండు మూడు రోజులు, పురుగు పెరగడానికి పది రోజులు అటూ ఇటూ, ప్యూపాలో, అంటే రెక్కలు తయారయ్యే గూటి దశలో, ఒక వారం. మొత్తం మూడు వారాలకు మించదు. చెట్టు మీదైతే ప్యూపాలు ఆకుల మొదళ్ళ మధ్య, కాండం నెత్తిన ఉండే నూగులో దాక్కుంటాయి, అందుకే బయటికి కనిపించవు. డబ్బాలో మూత కిందో కాగితం మడతలోనో, నడుముకు పట్టుదారం చుట్టుకుని ఉంటాయి. బయటికొచ్చే ముందురోజు ప్యూపా నల్లబడుతుంది. పొద్దున్నే చూస్తే కొత్త రెక్కలతో, ఒక్క చుక్కా చెరగకుండా కూర్చుని ఉంటుంది. ఇంత శుభ్రమైన నమూనా బయట దొరకదు. ఫోటోలు తీసుకుని అదే మొక్క దగ్గర వదిలేయండి.

పిల్లలతో కలిసి చేస్తే ఒక మాట: సైకస్ గింజలు విషం. ఎర్రగా ముద్దుగా ఉంటాయి, నోట్లో పెట్టుకోనివ్వొద్దు. ఇంట్లో కుక్క ఉంటే దానికీ అందనివ్వొద్దు.

ఎనిమిదో మెట్టు: ఇది ఎక్కడెక్కడ ఉంది, ఎందుకు ఉంది

పుస్తకాల్లో దీని సొంత వ్యాప్తి భారతదేశం, శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, మలేసియా, జావా, ఫిలిప్పీన్స్, దక్షిణ చైనా అని ఉంటుంది. ఈ జాబితా చదివి వదిలేస్తే అసలు సంగతి తెలియదు. ఈ సీతాకోకచిలుక పటం గీసింది ఎక్కువగా మనుషులు. సైకస్ కుండీలే దాని పడవలు.

సైకస్ రివల్యూటా సొంతూరు దక్షిణ జపాన్ దీవులు, వాటికి ఎదురుగా ఉన్న చైనా తీరం. ఆ మొక్క అలంకారానికి ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గరికొస్తే ఇక్కడి అడవి సైకస్‌ల మీద బతికే ప్లెయిన్స్ క్యూపిడ్‌కు ఊరూరా కొత్త తిండి దొరికింది. తర్వాత సీతాకోకచిలుకే ఆ మొక్కల వెంట బయల్దేరింది. మారిషస్, రీయూనియన్, మడగాస్కర్ దాకా వెళ్ళింది. అరబ్ ఎమిరేట్స్‌లో, ఈజిప్టులో కనిపించింది. చివరికి జపాన్ దక్షిణ దీవుల్లోనూ స్థిరపడింది, అంటే మొక్క పుట్టిన ఊరికే వెళ్ళి కూర్చుంది. దుబాయ్‌లోనో అబుదాబిలోనో ఉండే తెలుగువాళ్ళు వీధి పక్క సైకస్ చిగురును ఒకసారి వంగి చూడండి.

ఈ కథలో బాధపడాల్సిన భాగం ఉంది. పసిఫిక్‌లోని గ్వామ్ దీవిలో సైకస్ మైక్రోనేసికా అనే సొంత జాతి అడవంతా ఉండేది. 2003లో ఆసియా నుంచి వచ్చిన సైకస్ పొలుసు పురుగు అక్కడ బయటపడింది. 2005లో ప్లెయిన్స్ క్యూపిడ్ కూడా చేరింది. పొలుసు పురుగు ముదురాకుల రసం పీల్చేస్తే, తట్టుకుని వేసిన చిగురును గొంగళిపురుగులు తినేశాయి. 2006లో ఆ మొక్కను అంతరించే ప్రమాదమున్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చారు. తైవాన్‌లో కూడా అక్కడ తప్ప ఎక్కడా లేని సైకస్ తైతుంగెన్సిస్‌కు ఈ సీతాకోకచిలుకతో ఇబ్బందే. తన సొంత చోట పెద్దగా హాని చేయని ప్రాణి కొత్త చోట ఇంత నష్టం చేయగలదు. తప్పు దానిది కాదు. కుండీని ఓడెక్కించింది మనం.

మన వైపు చూస్తే, తిరుమల కొండలు, కడప వైపు శేషాచలంలో సైకస్ బెడ్డోమీ ఉంది. ఆంధ్ర తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి మొక్కను వ్యాపారం కోసం దేశం దాటించకూడదు. కొండల్లో నిప్పు పడి ఆకులు కాలిపోయాక ఈ మొక్క మొదలు నుంచి మళ్ళీ కొత్త చిగురు వేస్తుంది. అలాంటి చోట నడిచే అవకాశం, అటవీశాఖ అనుమతి ఉన్నవాళ్ళు చిగురును తెంపకుండా, కళ్ళతోనూ కెమెరాతోనూ మాత్రమే చూసి రాసుకొస్తే అది ఎంతో విలువైన రికార్డు. నగరంలో తీసిన వంద ఫోటోలకంటే అడవి సైకస్ మీద తీసిన ఒక్క గుడ్డు ఫోటో నాకు ఎక్కువ.

ఇంకో కొసన కడియం ఉంది. గోదావరి పక్కన ఆ నర్సరీల నుంచి దేశంలోని చాలా ఊళ్ళకు లారీల మీద మొక్కలు వెళ్తాయి, వాటిలో సైకస్ కూడా ఉంటుంది. చిగురుతో వెళ్ళే మొక్క మీద గుడ్లున్నా ఎవరికీ కనిపించవు. కొత్త ఊళ్ళో ఈ సీతాకోకచిలుక హఠాత్తుగా కనిపిస్తే అది ఎగిరి వచ్చిందా, లారీలో వచ్చిందా అని అడగాల్సిందే.

తొమ్మిదో మెట్టు: రికార్డు రాయండి

ఇప్పుడు మీ దగ్గర పేరుంది, ఫోటో ఉంది. జీవుల ఫోటోలు పెట్టి పేర్లు గుర్తించే ఐనాచురలిస్ట్ యాప్‌లో గానీ, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో గానీ పెట్టొచ్చు. యాప్ సూచించే పేరును అలాగే ఒప్పుకోవద్దు. ఈ చిన్న నీలి రకాల్లో యాప్ తరచు పొరబడుతుంది. నాలుగో, ఐదో మెట్టులో చెప్పిన చుక్కలు మీరే చూసి నొక్కండి.

తేదీ, చోటు మాత్రమే రాస్తే ఒక చుక్క పటం మీద పడుతుంది, అంతే. నేను ప్రతిసారీ ఇంకో నాలుగు మాటలు రాస్తాను: మొక్క ఏ సైకస్, నాటిందా అడవిదా, చిగురుందా లేదా, గుడ్డూ పురుగూ కనిపించాయా. పెద్ద సీతాకోకచిలుక ఒక్కటే కనిపిస్తే దారి తప్పి వచ్చి ఉండొచ్చు. పురుగు కనిపిస్తే అది అక్కడ సంసారం చేస్తోందని అర్థం. ఒక జాతి వ్యాప్తి గురించి గట్టిగా చెప్పాలంటే ఈ తేడా చాలా ముఖ్యం.

చిగురు నిండుగా ఉండి కూడా ఏమీ కనిపించకపోతే అదీ రాసుకోండి. ఆన్‌లైన్ పటాల్లో చుక్కలు ఎక్కువున్న చోట సీతాకోకచిలుకలు ఎక్కువున్నాయని కాదు, ఫోటోలు తీసేవాళ్ళు ఎక్కువున్నారని. హైదరాబాద్ చుట్టూ చుక్కలు కిక్కిరిసి, పక్క జిల్లాలు ఖాళీగా కనిపించడం అందుకే. మీది చిన్న ఊరైతే మీరు పెట్టే మొదటి రికార్డుకు ఇంకా విలువ. మన దేశంలో 2020 నుంచి ప్రతి సెప్టెంబర్‌లో బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుపుతున్నారు. సైకస్ చిగురు దొరికే వానాకాలం అప్పటికి ఇంకా వెళ్ళిపోదు కాబట్టి మొదలుపెట్టడానికి బాగుంటుంది.

మొక్క సంగతి

ఇంత చదివాక మీ ఇంటి సైకస్ అందం పోతోందన్న బాధ ఉంటే, మందు అక్కర్లేదు. చిగురు నెత్తి మీద తేలిన రోజే పాత దోమతెర ముక్కను వదులుగా కప్పి, కింద కాండానికి కట్టండి. ముందు గుడ్లున్నాయేమో చూసి, ఉంటే మెత్తటి బ్రష్‌తో దులపండి. ఆకులు విచ్చుకుని, వేలితో నొక్కితే గట్టిగా తగిలేదాకా ఉంచి తీసేయండి. ఆ తర్వాత గొంగళిపురుగు వాటిని తినలేదు.

మా ఇంట్లో ఇప్పుడు రెండు సైకస్‌లున్నాయి. గేటు పక్కదానికి దోమతెర కడతాం. వెనక ట్యాంకు దగ్గరున్నదాన్ని వాటికే వదిలేశాం. ఈ ఏడు జూలై మూడో వారంలో దానికి పద్నాలుగు కొత్త ఆకులొచ్చాయి. నాలుగో రోజుకు చీమలు ఎక్కాయి.